అక్క ఇచ్చిన చిక్కుడు గింజలు

విత్తనాల పరీక్ష ఆఫీసులో ఆవిడను అందరూ మొలకమ్మ అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తెలిసి ఉండాలి, అతను కూడా ఒక్కోసారి తడుముకుంటాడు. చేరిన కొత్తలో ఆ పిలుపు వింటే మూతి ముడుచుకునేదట. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడదు.

ఆవిడ చేసే పని చెప్పుకోవడానికి చాలా తేలిక. వచ్చిన సంచుల్లోంచి గింజలు తీసి తడికాగితం మీద వరసగా పేర్చాలి. కాగితాన్ని చాపలా చుట్టి వెచ్చటి అలమారలో నిలబెట్టాలి. కొన్నాళ్ళకు విప్పి, ఎన్ని మొలిచాయో ఎన్ని మొలవలేదో చూడాలి. ఆవిడ మొగుడు సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళయిన నాటి నుంచీ ఒకటే మాట ఆయనది: "మట్టిలో పడేస్తే వాటంతటవే మొలిచేవాటికి నువ్వు కాపలా. దానికి మళ్ళీ నెలనెలా జీతం!" ఆ మాట అన్న రోజు కూరలో ఉప్పు తగ్గితే ఆ తప్పు మొలకమ్మది కాదు.

నిజానికి మొలకను చూడటానికి కన్ను కావాలి. పైకి వచ్చిందల్లా మొలక కాదు. వేరు మొండిగా ఆగిపోయినవి, కాడ మెలితిరిగినవి, తల ఎత్తలేక ముడుచుకుపోయినవి, ఆకులో పచ్చదనం లేనివి కొన్ని వస్తాయి. వాటిని అసాధారణ మొలకలంటారు. లెక్కలో అవి చచ్చిన గింజలతో సమానం. మొలకమ్మ పట్టకారుతో వాటిని ఏరి చెత్తబుట్టలో వేస్తుంది. ఏళ్ళ తరబడి చేశాక ఆ పనికి మనసుతో అవసరం ఉండదు, చెయ్యి దానంతటదే చేసుకుపోతుంది.

నోరు కూడా తక్కువేం కాదు. గింజలు చచ్చిపోయాయని ఎవరైనా మొహం వేలాడేసుకుని వస్తే ముందు అడిగేది ఒకటే ప్రశ్న: "ఎక్కడ పెట్టారు?"

"వంటింట్లోనేనమ్మా, అటక మీద. జాగ్రత్తగానే పెట్టాం."

"కింద పొయ్యి, పైన గింజలు! ఆవిరంతా ఎక్కడికి పోతుందనుకున్నారు? వేడీ తేమా రెండూ కలిస్తే గింజ బతుకుతుందా? మూత పెట్టి, చల్లగా, పొడిగా పెట్టి, దాని జోలికి పోకండి. ఎన్నిసార్లు మొత్తుకోవాలి నేను?"

వచ్చినవాళ్ళు తిట్లు తిని కూడా దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఇంత నోరున్న మనిషి సొంత ఇంట్లో ఏం చేసిందో తెలిస్తే ఆఫీసంతా ముక్కున వేలేసుకునేది. అందుకే చాలా ఏళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అసలు తను ఏం చేస్తోందో తనకే తెలియదనడం ఇంకా సరిగ్గా ఉంటుంది.

మొలకమ్మకు అక్క ఒకతె ఉండేది. అమ్మానాన్నా పోయేనాటికి ఆ అక్కకూ పెద్ద వయసేం లేదు, అయినా చెల్లెల్ని పెంచింది. మేడ మీద ఒంటి గది అద్దెకు తీసుకుని, కుట్టుమిషను కిటికీ పక్కన వేసుకుని, వీధిలో అందరి జాకెట్లూ గౌన్లూ కుట్టి, చెల్లెల్ని చదివించింది. గదికి ముందు ఇనప కటకటాల బాల్కనీ. అక్కడ అడుగు పగిలిన బకెట్లో మట్టి నింపి చిక్కుడు పెట్టింది. అందరి ఇళ్ళలో పూసే చిక్కుడే, పూలు కూడా మామూలు ఊదావే. అయితే అక్క ఊరుకోలేదు. పూత మొదలవగానే అన్నిటికంటే ముదురుగా పూసిన గుత్తులు చూసి, మిషను దగ్గర మిగిలిన దారం ముక్కలు వాటికి ముడివేసేది. దారం కట్టిన కాయల్ని కోయనిచ్చేది కాదు. అవి తీగ మీదే ఎండాలి, మరుసటేడు గింజలు వాటివే.

అలా ఏటేటా ఎంచుకుంటూ పోతే కొన్నేళ్ళకు ఆ పువ్వు సీసాలో సిరా రంగుకు తిరిగింది. కింద వీధిలో పోయేవాళ్ళు తలెత్తి, అవి నిజం పూలా కాగితం పూలా అని అడిగేవాళ్ళు. అక్క మిషను ఆపి, "పైకొచ్చి గిల్లి చూసుకోండి, కాగితం పూలైతే వాడవు" అని నవ్వేది. వానాకాలం వెళ్ళేవేళ ఆ కటకటాల నిండా పూసేది. మొలకమ్మకు ఇప్పటికీ వాన చప్పుడు వింటే ముందు ఆ బాల్కనీయే గుర్తొస్తుంది.

తరవాత అక్కకు పెళ్ళయింది, దారాలు అమ్మే మనిషితో. తీగ కూడా కొత్తింటికి వెళ్ళింది. ఒక ఆడపిల్ల పుట్టింది. మొలకమ్మకు విత్తనాల ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. అంతా ఒక దారిన పడిందనుకుంటున్న సమయంలో అక్క మంచాన పడింది, ఇక లేవలేదు. పోవడానికి కొన్నాళ్ళ ముందు, తలగడ కిందనుంచి గుండ్రటి రేకు డబ్బా తీసి చెల్లెలి చేతిలో పెట్టింది.

"ఈ ఏటి గింజలు. నువ్వు విత్తనాల ఆఫీసులో చేస్తున్నావుగా, నీ దగ్గరుంటే పాడవ్వవు. అమ్మాయి పెద్దదయ్యాక ఇవ్వు" అంది.

ఆ మాట నెత్తిన పెట్టుకుంది మొలకమ్మ. బావ మళ్ళీ పెళ్ళి చేసుకుని, పిల్లను తీసుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. చెడ్డవాడేం కాదు, ఇల్లు గడవాలి కదా. ఆ వెళ్ళిపోవడంలో పాత తీగ ఎండిపోయింది. ఇక ఆ రంగు చిక్కుడంటూ ప్రపంచంలో మిగిలింది ఆ డబ్బాలోనే.

డబ్బా బీరువాలో చీరల మధ్య ఉండేది. అక్క గుర్తొచ్చినప్పుడు తీసి, మూత తిప్పి, గింజల్ని అరచేతిలోకి ఒంపుకునేది. నున్నటి నల్ల గింజలు, పక్కన తెల్లటి అంచు. గుప్పిట మూసి, అవి వెచ్చబడేదాకా అలాగే పట్టుకుని కూర్చునేది. వాన పడుతుంటే తప్పకుండా తీసేది. డబ్బాకు ఒక వాసన ఉండేది, మిషను నూనె, ఎండిన కాయ, ఇంకేదో. ఆ వాసన కోసమే మొహం దగ్గర పెట్టుకునేది. మొగుడు టీవీ ముందు నుంచి చూసి, "నాతో ఎప్పుడైనా అంతసేపు కూర్చున్నావటే?" అనేవాడు. అని, గుట్టుచప్పుడు కాకుండా టీవీ గొంతు తగ్గించేవాడు.

విత్తుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. మొదటి ఏడు మనసు రాలేదు. రెండో ఏడు, ఉన్న ఇంటికి ఎండ లేదు. ఆ తరవాత భయం పట్టుకుంది. విత్తితే గింజ చేతిలో ఉండదు, మొలవకపోతే గింజా తీగా రెండూ పోతాయి. పోనీ ఆఫీసులో చల్లటి గది ఉంది, అందులో పెట్టొచ్చు. దాని తాళం వేరేవాళ్ళ దగ్గర ఉంటుంది. వాన పడుతోందని పరిగెత్తుకెళ్ళి, ఒక్కసారి పట్టుకుని ఇస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు? మొదట్లో తేమ పీల్చే నీలం గుళికల పొట్లం ఒకటి డబ్బాలో వేసింది. తేమ ఎక్కితే ఆ గుళికలు గులాబీ రంగుకు మారతాయి. అవి ఎప్పుడో మారాయి. చూసిన ప్రతిసారీ రేపు ఆఫీసునుంచి కొత్తవి తేవాలనుకునేది, మూత పెట్టగానే మరిచిపోయేది. వేరేవాళ్ళు ఇలా చేసి ఉంటే వాళ్ళ దుమ్ము దులిపేది.

అలా చాలా ఏళ్ళు గడిచాక, ఒక ఆదివారం పొద్దున అక్క కూతురు వచ్చింది. బ్యాంకులో ఉద్యోగం, ఈ ఊరికి బదిలీ అయింది. చేతిలో హెల్మెట్టు, మొహాన అక్క ముక్కు. గుమ్మంలో ఆ ముక్కు చూసి మొలకమ్మ లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయింది.

టీ తాగుతూ ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆ అమ్మాయి ఫోనులో ఒక ఫోటో చూపించింది. బాల్కనీ, నిండా పూసిన తీగ, దాని వెనక ఒక ఆడమనిషి. ఆకుల నీడ సరిగ్గా మొహం మీద పడింది. తీగ బాగా కనిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు.

"అమ్మది నా దగ్గర ఇదొక్కటే పిన్నీ. ఇందులో కూడా తీగే ఉంది, అమ్మ లేదు" అంది. "నాన్న చెప్పారు, ఆ గింజలు నీకిచ్చిందట కదా. నేను తీసుకున్న ఇంటికి ఎండ బాగా వస్తుంది. కిటికీకి పాకిస్తాను. ఇస్తావా?"

"ఇవ్వకేం? నీవే అవి. మీ అమ్మ నీకే ఇమ్మంది" అంది మొలకమ్మ. లేచి బీరువాలోంచి డబ్బా తీసుకొచ్చింది. ఏళ్ళ తరబడి అక్క కోసం తెరిచిన డబ్బాను ఆ పూట మొదటిసారి పరీక్ష చేసే మనిషి కళ్ళతో తెరిచింది. గింజల నలుపు వెలిసి గోధుమకు తిరిగింది. ఒకటి రెండు గింజల తోలు ముడతలు పడింది. ఎవరైనా సంచిలో తెచ్చి ఉంటే చూడగానే పెదవి విరిచేది.

"ముందు ఆఫీసులో చూపించి ఇస్తానమ్మా" అంది. అమ్మాయి సరేనంది. వెళ్తూ వెళ్తూ డబ్బాను వేలితో ఒకసారి ముట్టుకుంది.

మరునాడు డబ్బా సంచిలో పెట్టుకుని సైంటిస్టు మేడం గదికి వెళ్ళింది మొలకమ్మ. మేడం ఆవిడకంటే చిన్నది, ఓపిక ఉన్న మనిషి, ఏది అడిగినా కాగితం మీద బొమ్మ గీసి చెబుతుంది. ఒక గింజను వెలుగులో తిప్పి చూసి, "ఎన్నాళ్ళవి?" అంది. చెప్పాక గింజను జాగ్రత్తగా మళ్ళీ డబ్బాలో పెట్టింది.

"బతికి ఉన్నాయో లేదో రంగు పరీక్షలో తేలుతుంది. కానీ గింజను చీల్చాలి కదా, మీకు తెలియనిదేముంది. ఉన్నవే గుప్పెడు."

"చీల్చొద్దు మేడం" అంది మొలకమ్మ వెంటనే.

"సరే. అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తాను, అప్పుడు ఏం చెయ్యాలో ఆలోచిద్దాం" అని మేడం కాగితం లాగింది. "మనం పీల్చే ఆక్సిజనే. అదుపులో ఉన్నంతసేపు మంచిదే. కానీ దానిలోంచి కొన్ని దుడుకు రూపాలు పుడతాయి. ఏది కనిపిస్తే దానిమీద పడతాయి. కోసిన ఆపిల్ ముక్క నల్లబడుతుంది చూశారా, అదీ గాలిలో ఆక్సిజన్ పనే. అలాంటిదే గింజలో చాలా నెమ్మదిగా జరుగుతుంది. కొవ్వును పాడుచేస్తుంది, పొరల్ని పాడుచేస్తుంది, చివరికి డీఎన్‌ఏ దాకా వస్తుంది."

డీఎన్‌ఏ అంటే మొక్క ఎలా కావాలో మొత్తం రాసి ఉన్న పొడుగాటి దారమని మొలకమ్మకు తెలుసు. మేడం దాన్ని నిచ్చెనలా గీసి, మెట్ల మీద నాలుగు అక్షరాలు రాసింది. "జి ఎప్పుడూ సి తోనే జత కడుతుంది. ఆక్సిజన్ ఎక్కువగా పడేది ఈ జి మీదే. దెబ్బ తిన్న జి, సి ని వదిలి ఎ తో కూడా చెయ్యి కలుపుతుంది. అది చూసి రాసేటప్పుడు తప్పు పడుతుంది. కొన్నిచోట్ల దారమే తెగిపోతుంది. ఇది మీ ఒంట్లో, నా ఒంట్లో ఇప్పుడు కూడా జరుగుతోంది. మనకేమీ కాకపోవడం ఎందుకంటే, రిపేరు చేసేవాళ్ళు లోపలే ఉంటారు, క్షణం ఊరుకోరు."

"మరి గింజలో ఉండరా?"

"ఉంటారు. కానీ పని చెయ్యాలంటే నీళ్ళు కావాలి. గింజ ఎండి ఉంది. దెబ్బలు పడుతూనే ఉంటాయి, వాళ్ళు చూస్తూ కూర్చోవడమే. నీరు తగిలిన రోజు గింజ ముందు చేసేది మొలవడం కాదు మొలకమ్మగారూ, తన డీఎన్‌ఏని బాగు చేసుకోవడం. దెబ్బలు తక్కువైతే బాగుపడి మొలుస్తుంది. ఎక్కువైతే ఆలస్యంగా మొలుస్తుంది, వంకరగా మొలుస్తుంది, లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఇన్నాళ్ళ గింజ కూడా, మంచి పొడిలో చల్లగా ఉంటే ఆశ ఉండేది. తేమ, వేడి తగిలే కొద్దీ ఈ దుడుకుతనం పెరుగుతుంది. డబ్బాకు మూత గట్టిదే కదా? ఎన్నిసార్లు తెరిచి ఉంటారు?"

మేడం మామూలుగానే అడిగింది, కాగితం వైపు చూస్తూ. మొలకమ్మకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఎన్నిసార్లు? వాన పడినప్పుడల్లా. అంటే గాలిలో తేమ నిండుగా ఉన్నప్పుడు ఏరి కోరి. అరచేతి చెమటలో వెచ్చబడేదాకా పట్టుకుని మరీ. కంటికి రెప్పలా చూసుకుంటున్నాననుకుంది. నిజమే, చూసుకోవడమే చేసింది. అక్క మీద ఎంత బెంగ పెట్టుకుందో అంత తడిగాలి ఆ గింజలకు పట్టించింది.

"అప్పుడప్పుడూ తెరిచాను మేడం" అంది. అబద్ధం చెప్పడం చేతకాక తల దించుకుంది. మేడం తలెత్తి చూసింది. నీళ్ళలో నానబెట్టొద్దని, ఒక్కసారిగా నీరు తగిలితే పాత గింజ పొరలు చిట్లిపోతాయని, మూసిన పెట్టెలో కింద నీళ్ళు, పైన వల వేసి గింజల్ని ఆ ఆవిరి తేమలో ఉంచమని, నెమ్మదిగా తేమ ఎక్కితే రిపేరుకు కాస్త సమయం దొరుకుతుందని చెప్పింది. మొలకమ్మకు ఆ పద్ధతి తెలుసు. తెలిసినా మొదటిసారి వింటున్నట్టు తల ఊపుతూ విన్నది.

సాయంత్రం మొగుడికి అంతా చెప్పుకొచ్చింది. ఆయన బూట్లు విప్పుతూ విని, "మా బస్సుల్లాగే అన్నమాట" అన్నాడు. "రోజూ తిరిగే బస్సుకు రోజూ ఏదో ఒకటి ఊడుతుంది, రాత్రికి షెడ్డులో బిగిస్తారు. మూల పడేసిన బస్సుకు ఏమీ ఊడదు, కానీ తుప్పు పడుతుంది, చూసే దిక్కుండదు. బయటికి తియ్యాలన్న రోజున తెలుస్తుంది సంగతి."

"నేను మూల పడెయ్యలేదండీ" అంది ఆవిడ. "రోజూ చూసుకున్నాను."

ఆయన లేచి వెళ్ళి, వంటింట్లోంచి వెడల్పాటి ప్లాస్టిక్ పెట్టె ఒకటి కడిగి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

గింజలన్నీ వేసింది. దాచుకోవడానికి ఇక అర్థం లేదు. ఆవిరి తేమలో ఉంచి, తరవాత తడికాగితం మీద పేర్చి, చుట్ట చుట్టి, ఆఫీసు అలమారలో కాకుండా ఇంట్లోనే పెట్టుకుంది. ఎదురుచూడటం ఆవిడకు కొత్త కాదు, అదే కదా ఉద్యోగం. కానీ ఈ ఎదురుచూపు వేరు. ఆఫీసులో చుట్టలు విప్పుతుంటే మనసంతా ఇంటిదగ్గర చుట్ట మీదే. బతికుండవే, ఒక్కటన్నా బతికుండవే అని లోపల అక్కనే అడుగుతోందో గింజల్నే అడుగుతోందో తనకే తెలియలేదు. విప్పి చూడాలని చేతులు దురదపెట్టేవి. ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చింది కనక విప్పలేదు.

విప్పాల్సిన రోజున విప్పితే ముందు వాసన తగిలింది. సగానికి పైగా బూజు. కొన్ని నొక్కితే పిండిలా చితికాయి. కొన్ని ఉబ్బి, తోలు పగిలి, ఉలుకూ పలుకూ లేకుండా అలాగే ఉన్నాయి. పాడైనవాటిని ఏరేసి మిగిలినవి మళ్ళీ చుట్టింది. మామూలు చిక్కుడుకు గడువు దాటిపోయింది. ఆఫీసులో అయితే మొలకలు లేవని రాసి చెయ్యి కడుక్కునేది. ఇంట్లో ఆ గడువు పాటించడానికి మనసొప్పలేదు.

ఒకటి వచ్చింది, చాలా ఆలస్యంగా. వేరు పొట్టిగా, కొన మొద్దుబారి ఉంది. కాడ ఒక పక్కకు ఒరిగింది. విచ్చుకున్న మొదటి ఆకుల్లో ఒకటి పచ్చగా ఉంది, రెండోదానిలో సగం తెల్లటి చార. మొలకమ్మ చెయ్యి అలవాటు కొద్దీ దాన్ని ఏరడానికి ముందుకు వెళ్ళింది. మధ్యలో ఆగి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, మంచం మీద కూలబడి ఏడ్చింది. వంటింట్లోంచి మొగుడు పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? ఏదీ రాలేదా?"

"వచ్చిందండీ" అంది ఏడుస్తూనే. "ఇలాంటివి ఎన్ని పారేశానో."

దాన్ని చిన్న కుండీలో పెట్టి, పుల్ల ఊతమిచ్చి, నాలుగాకులు వేసేదాకా కిటికీలో పెంచి, అక్క కూతురికి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఒకే మాట చెప్పింది, ఇది బలహీనం, ఎక్కువ నీళ్ళు పొయ్యొద్దని. మిగతాదేమీ చెప్పలేదు. ఇంటికొచ్చాక బీరువా తెరిస్తే చీరల మధ్య డబ్బా ఉన్నచోటు గుండ్రంగా నొక్కుకుపోయి ఉంది. ఆ వారం వాన పడింది. మొలకమ్మకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఊరికే లేచి నాలుగు గిన్నెలు తోమింది.

అక్క కూతురు అప్పుడప్పుడూ ఫోను చేసి చెబుతుండేది. పాకింది, కిటికీ కటకటాల్ని పట్టుకుంది, తెల్ల చారలు ఇంకో రెండు ఆకుల మీద వచ్చాయి. వచ్చి చూడు పిన్నీ అని పిలిచినప్పుడల్లా ఏదో ఒక పని అడ్డం వేసేది. పూతకు వచ్చాక ఇక తప్పించుకునే దారి లేకపోయింది. సెలవు రోజు చూసి మొగుడు స్కూటరు తీశాడు.

దారిలో ఆయన అన్నాడు: "ఏ రంగు పూసినా సరే, మీ అమ్మది ఇలాగే ఉండేదని చెప్పెయ్. పిల్ల సంతోషిస్తుంది. పోయేదేముంది?"

"చూద్దాం లెండి" అంది మొలకమ్మ. మేడంని అప్పటికే అడిగింది. దెబ్బ తిన్న గింజలోంచి వచ్చిన మొక్కకు పువ్వు రంగు మారుతుందా అని. మారొచ్చు, మారకపోవచ్చు, మీ అక్క పెంచిన చివరి ఏడు పక్కింట్లో తెల్ల చిక్కుడేదైనా ఉండి దాని పుప్పొడి కలిసినా మారొచ్చు, నాకు తెలియదు అంది మేడం. తెలియదన్న మాట ఆవిడ అంత శుభ్రంగా చెప్పడం మొలకమ్మకు నచ్చింది.

బాబాయికి కాఫీ ఇచ్చి హాల్లో కూర్చోబెట్టి, ఆ అమ్మాయి పిన్నిని చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. తీగ సగం కటకటాల దాకా పాకింది, పెద్ద గుబురేం కాదు. మూడో నాలుగో గుత్తులు పూశాయి. పాలిపోయిన రంగు, చాలాసార్లు ఉతికిన గుడ్డలా ఉంది. రేకు మొదట్లో మాత్రం సన్నటి ఊదా గీత.

"అమ్మ పువ్వు ఇలాగే ఉండేదా పిన్నీ?"

ఆ అమ్మాయి పువ్వుకేసి చూడటం లేదు, పిన్ని మొహంలోకే చూస్తోంది. అవునంటే చాలు. అక్కడితో అయిపోతుంది, ఇంటికెళ్ళిపోవచ్చు. మొలకమ్మ నోరు తెరిచింది గానీ ఆ మాట రాలేదు. మొలవనిది మొలిచిందని జన్మలో ఎప్పుడూ చెప్పలేదు.

"లేదమ్మా. ఇది కాదు. మీ అమ్మది చాలా ముదురు రంగు. చూస్తే వేలికి అంటుతుందేమో అనిపించేది." ఒక గుత్తిని వేలితో పైకెత్తి వదిలేసింది. "నేనే పాడుచేశాను. జాగ్రత్త చేస్తానని మీ అమ్మకు మాటిచ్చి, గుర్తొచ్చినప్పుడల్లా తెరిచి చూసుకున్నాను. తెరిచినప్పుడల్లా తడిగాలి పట్టింది. నీకివ్వాల్సినదాన్ని నా బెంగకు వాడేసుకున్నాను."

ఆ అమ్మాయి కటకటం మీద లేచిన పెయింటు పొరను గోటితో గీకింది. కోపం వచ్చిందేమో, తిడితే బాగుండు అనుకుంది మొలకమ్మ.

"నీకు తెరిచి చూసుకోడానికి అదైనా ఉండేది పిన్నీ" అంది చివరికి. "నాకు అమ్మ గొంతు కూడా గుర్తులేదు."

ఇన్నేళ్ళలో ఈ పిల్ల ఎన్నిసార్లు ఫోను చేసింది, పెళ్ళిళ్ళలో ఎన్నిసార్లు పక్కన కూర్చుంది! తిన్నావా, చదువుతున్నావా, నాన్న బాగున్నారా అని మొలకమ్మ అడిగింది తప్ప అక్క గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పిల్ల బాధపడుతుందని అనుకునేది. బాధపడేది తనేనని ఇప్పుడు అర్థమైంది. అక్కను ఎవరితోనూ పంచుకోకుండా మొత్తం తనే ఉంచుకుంది.

"మీ అమ్మ మాట్లాడితే సగం మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు" అంది ఉన్నట్టుండి.

"ఎందుకని?"

"కుట్టేటప్పుడు పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునేది. అవి పడిపోకుండా మాట్లాడాలి కదా, పళ్ళ మధ్యనుంచి మాట వచ్చేది. నీకు గౌను కొలత చూస్తూ తిట్టేది. నువ్వేమో ఒక్కచోట నిలబడేదానివి కాదు."

"ఏమనేది?"

మొలకమ్మ పెదాలు బిగించి, కొంచెం సిగ్గుపడుతూ, పళ్ళ సందునుంచి అంది: "కదలకే. కదిలితే గుచ్చుకుంటుంది."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వి, హఠాత్తుగా ఆపేసింది.

"ఇంకోసారి అను పిన్నీ."

మొలకమ్మ మళ్ళీ పెదాలు బిగించింది. ఈసారి సిగ్గు లేదు. "కదలకే తల్లీ, అయిపోయింది, ఒక్క నిమిషం" అంది. అన్నాక తెలిసింది, అది తన గొంతు కాదు. అక్క గొంతే, ఆ విసుగూ ఆ ముద్దూ అలాగే ఉన్నాయి. ఇన్నేళ్ళూ అది తన లోపలే ఉందని ఆవిడకు తెలియదు.

అక్క కూతురు చేతులు రెండూ ఒంటికి కాస్త ఎడంగా పెట్టి, గడ్డం పైకెత్తి, కొలత ఇస్తున్న చిన్నపిల్లలా నిటారుగా నిలబడింది. కదల్లేదు.